చక్రాల టీవీలో బొమ్మ మసగ్గా వస్తోందా? ఎక్కడ చెడుతోందో ఇలా పట్టుకోండి

పోయిన ఏడాది మా అమ్మమ్మ తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. హాల్లో గోడకున్న టీవీ దాకా రాలేదు కదా అని, చక్రాల స్టాండు మీద నిలబడే 27 అంగుళాల స్మార్ట్ టీవీ ఒకటి తెచ్చాం. బ్యాటరీతో నడుస్తుంది, ఏ గదిలోకి కావాలంటే ఆ గదిలోకి తోసుకుపోవచ్చు. హాల్లో పెట్టి చూస్తే బొమ్మ అద్దంలా ఉంది. అందరం సంబరపడి వెనక గదిలోకి తోసుకెళ్ళి, అమ్మమ్మ మంచం పక్కన పెట్టి, ఆమె చూసే సీరియల్ వేశాం. కాసేపు చూసి, "ఏంది నాయనా, మొహాలన్నీ అలికినట్టుండాయి" అంది.

వంగి చూస్తే నిజమే. చెంపలూ ముక్కూ కలిసి ఒకటే ముద్ద. మనిషి తల తిప్పినప్పుడల్లా చీర అంచు చిన్న చిన్న గళ్ళుగా విడిపోతోంది. కొన్న షాపుకు ఫోన్ చేస్తే, "చిన్న టీవీ కదండీ, ప్యానెల్ అంతే" అన్నారు. ఆ మాట నమ్మి తిరిగి ఇచ్చేద్దాం అనుకున్నాను కూడా. కానీ గంట కిందట ఇదే టీవీ హాల్లో బాగానే చూపించింది. ఆ ఒక్క అనుమానంతో రెండు వారాలు దాన్ని ఇల్లంతా తిప్పి చూశాను. లోపం టీవీలో లేదని తేలింది.

గోడ టీవీని ఒకసారి సరిచేసుకుంటే ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు. చక్రాల టీవీకి ప్రతి గదీ కొత్త ఊరే. నెట్ సిగ్నల్ మారుతుంది, వెలుతురు మారుతుంది, మనం కూర్చునే దూరం మారుతుంది, కరెంటు మీద నడుస్తోందా బ్యాటరీ మీద నడుస్తోందా అన్నదీ మారుతుంది. కాలవ కింద సేద్యం చేసే మన నెల్లూరు జిల్లా రైతుకు ఇది చిటికెలో అర్థమవుతుంది. సోమశిల జలాశయంలో నీళ్ళు నిండుగా ఉన్నా శివారు పొలానికి తడి అందకపోవచ్చు. అప్పుడు పొలాన్ని తప్పుపట్టం కదా. సంగం బ్యారేజీ దగ్గర ఎంత వదిలారు, కాలవ ఎక్కడ పూడింది, తూము ఎక్కడ మూసుకుపోయింది అని వరసగా చూసుకుంటూ వస్తాం. బొమ్మ విషయంలోనూ అదే చేయాలి. నేను చేసిన వరసలోనే చెప్తాను. మీరూ ఆ వరస తప్పకండి, ఎందుకంటే ఒకేసారి నాలుగు మార్చేస్తే దేనివల్ల బాగైందో తెలియకుండా పోతుంది.

మొదటి పని: తప్పు టీవీదో కాదో తేల్చుకోండి

దీనికి నెట్ అక్కర్లేదు, ఒక పెన్‌డ్రైవ్ చాలు. మీ ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో వీడియోను 1080పి (ఫుల్ హెచ్‌డి), సెకనుకు 30 ఫ్రేములకు పెట్టండి. పొద్దున తొమ్మిది ప్రాంతంలో, ఎండ ఏటవాలుగా పడే చోట, సన్నని గీతలూ రంగులూ ఉన్న వస్తువును ఒక నిమిషం పాటు తీయండి. నేను దండెం మీద ఆరేసిన వెంకటగిరి చీరను తీశాను. సన్ననేత, జరీ అంచు, చిన్న బుటాలు ఉంటాయి కాబట్టి ఇంతకంటే మంచి పరీక్ష దొరకదు. చివర్లో మా ఆవిడను చీర పక్కన నిలబడమని మొహం కూడా తీశాను. చర్మం రంగు తేడా వస్తే మన కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ఆ వీడియోను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి, అక్కణ్ణుంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో మాత్రం పంపుకోవద్దు, ఎందుకో కిందకు వచ్చాక చెప్తాను. పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టినా ఫైల్ ఆడకపోతే కంగారు పడకండి. కొన్ని ఫోన్లు వీడియోను హెచ్‌ఈవీసీ పద్ధతిలో దాచుకుంటాయి, కొన్ని టీవీలకు అది మింగుడు పడదు. కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్.264 ఎంచుకుని మళ్ళీ తీయండి. ఐఫోన్‌లో అయితే దాని పేరు 'మోస్ట్ కంపాటిబుల్'. ఎప్పుడన్నా సినిమా అంత పెద్ద ఫైల్ ఎక్కించాలనుకుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ మించిన ఫైల్ పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌లో పడుతుంది.

ఇప్పుడు టీవీలో చూడండి. జరీ పోగులు విడివిడిగా కనపడి, మొహం మీద కనురెప్పలు తెలుస్తుంటే మీ టీవీ నిక్షేపంగా ఉన్నట్టే, చెడుతున్నది దారిలో ఎక్కడో. ఈ వీడియో కూడా మసగ్గానే ఉంటే టీవీ సెట్టింగ్స్‌లోనో ప్యానెల్‌లోనో లోపం ఉంది. అలాంటప్పుడు నెట్ సంగతి వదిలేసి సెట్టింగ్స్ దగ్గరికి వెళ్ళిపోండి. ఈ పెన్‌డ్రైవ్‌ను పారేయకుండా దాచుకోండి. టీవీ కొనడానికి వెళ్ళేటప్పుడు ఇది జేబులో ఉండటం చాలా అవసరం. షాపుల్లో ఆడించే డెమో వీడియోలు ఏ టీవీలో వేసినా మెరిసిపోయేలా తయారుచేసినవి, మన చీర అలా కాదు.

ప్యానెల్ ఎంత, మీరు కూర్చునేది ఎంత దూరంలో

టీవీ తెర అంటే చుక్కల వరస. 1366 × 768 అని ఉంటే సుమారు పదిన్నర లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డి, అంటే 1920 × 1080 అయితే దాదాపు 20 లక్షల 70 వేలు. 4కె అయితే 83 లక్షల దాకా. చక్రాల టీవీల్లో ఫుల్ హెచ్‌డి మామూలు. ఎల్‌జీ స్టాన్‌బైమీ మొదటి మోడల్ 27 అంగుళాల్లో 1920 × 1080, తర్వాత వచ్చిన రెండోది 2560 × 1440. అట్టపెట్టె మీద '4కె సపోర్ట్' అని పెద్ద అక్షరాలతో ఉంటే ఆగి చూడండి. లోపలికి 4కె వీడియో తీసుకుంటుందని దాని అర్థం, తెర మీద అన్ని చుక్కలు ఉన్నాయని కాదు. 'ప్యానెల్ రిజల్యూషన్' అన్న చోట ఏముందో అదే అసలు లెక్క.

అయితే చుక్కలు ఎక్కువుంటే చాలదు, దూరం కుదరాలి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డి తెరను మూడున్నర అడుగుల కంటే దగ్గర నుంచి చూస్తే మంచి చూపున్న కంటికి చుక్కలు విడిగా తెలియడం మొదలవుతుంది. 32 అంగుళాల 768 తెరకైతే దాదాపు ఆరడుగులు కావాలి. ఇంతకంటే దూరం జరిగితే చుక్కలు కలిసిపోయి బొమ్మ నున్నగా కనిపిస్తుంది.

మా ఇంట్లో జరిగిన సగం పొరపాటు ఇదే. హాల్లో ఎనిమిది అడుగుల దూరం నుంచి చూశాం కాబట్టి, ఉన్న లోపాలు కూడా కనపడలేదు. అమ్మమ్మకు బాగా కనపడాలన్న ఆత్రంతో మంచానికి రెండడుగుల్లో పెట్టాం. ఇంత దగ్గరైతే ప్రతి గీతా, ప్రతి గడీ మొహం మీదకొచ్చి పడతాయి. నాలుగున్నర అడుగులకు వెనక్కి జరిపాక ఆమె మొదటి మాట, "ఇప్పుడు కండ్లు గుంజడం లేదు" అని. ముందు ఈ జరపడం చేసి చూడండి. పైసా ఖర్చు లేదు.

నెట్: ఎక్కువ ఇళ్ళలో దొంగ ఇక్కడే దొరుకుతాడు

ఒక పాత నమ్మకం ముందు వదిలించుకోవాలి. "బొమ్మ ఆగకుండా వస్తోంది కదా, అంటే నెట్ బాగుంది" అని చాలామంది అనుకుంటారు. యూట్యూబ్ గానీ ఓటీటీ యాప్‌లు గానీ నెట్ తగ్గినప్పుడు బొమ్మను వెంటనే ఆపవు. నాణ్యత తగ్గించి పంపుతూనే ఉంటాయి. గుండ్రంగా తిరిగే చక్రం కనపడదు, కానీ మొహాలు అలికినట్టు అవుతాయి. సినిమా మొదలైన మొదటి పది సెకన్లు మసకగా ఉండి తర్వాత తేటపడటం మీరు చూసే ఉంటారు. యాప్ నెట్‌ను కొలుచుకుంటున్న సమయం అది. పొలం మధ్యలో పరుగెత్తే సీన్లు, వాన, జనం గుంపు, క్రికెట్ గ్రౌండులో పచ్చగడ్డి, రాత్రి సీన్లలో నలుపు, ఇలాంటివి ముందు చెడిపోతాయి. మనిషి కూర్చుని మాట్లాడే వార్తలు చివరిదాకా బాగుంటాయి. వార్తలు తేటగా ఉండి మ్యాచ్ మాత్రం అలికినట్టుంటే నెట్‌నే అనుమానించండి.

కొలిచే తీరు ఇది. టీవీలో బ్రౌజర్ తెరిచి ఫాస్ట్ డాట్ కామ్ అని కొట్టండి. ఫోన్లో కొలిస్తే లెక్కలోకి రాదు, టీవీలోనే కొలవాలి, అదీ టీవీ ఉండే గదిలోనే. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం 720పికి 3 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత), 1080పికి 5, 4కెకి 15 కావాలి. ఇంట్లో ఇంకో ఇద్దరు ఫోన్లు చూస్తుంటారు కాబట్టి టీవీ దగ్గర కనీసం పది ఉంటే మనశ్శాంతి. పగలు ఒకసారి, రాత్రి ఎనిమిది తొమ్మిదింటి మధ్య ఒకసారి కొలవండి. వీధి వీధంతా ఇంటికి చేరి టీవీ పెట్టే వేళ అది.

మా ఇల్లు నెల్లూరు సంతపేటలో. తాతయ్య కట్టించిన పాత మిద్దె, గోడలు మూరెడు మందం. మా నెట్ ప్లాన్ 40 ఎంబీపీఎస్. హాల్లో టీవీ 38 చూపించింది. వెనక గదిలో 1.8. దూరం చూస్తే ముప్పై అడుగులు లేదు, మధ్యలో గోడలు మాత్రం రెండు.

వైఫై రెండు దార్లలో వస్తుంది. 5 గిగాహెర్ట్జ్ దారి వేగంగా పోతుంది గానీ గోడ అడ్డం వస్తే నీరసపడిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడల్ని కొంత మేర దాటుతుంది గానీ నెమ్మది, పైగా ఇరుకు. అందులో ఒకదానితో ఒకటి ఢీకొట్టుకోని చానెళ్ళు 1, 6, 11, ఆ మూడే. గోడకు గోడ ఆనుకుని ఇళ్ళున్న వీధిలో పక్కవాళ్ళ రౌటర్లన్నీ ఆ మూడింట్లోనే ఇరుక్కుంటాయి. వంటింట్లో మైక్రోవేవ్ తిరిగినా 2.4 మీద దెబ్బ పడుతుంది. మా టీవీ వెనక గదికి పోగానే 5 అందక, దానంతట అదే 2.4కు జారిపోయింది. రౌటర్‌లో రెండింటికీ ఒకే పేరు ఉండటంతో నాకు ఆ సంగతే తెలియలేదు. రౌటర్ సెట్టింగ్స్‌లో రెండింటికీ వేరు వేరు పేర్లు పెట్టుకోండి, లేదా నెట్ వేసిన కుర్రాణ్ణి అడిగి పెట్టించుకోండి. అప్పుడు టీవీ ఏ దారిలో ఉందో కళ్ళముందు కనపడుతుంది.

తర్వాత రౌటర్ చోటు మార్చాను. మాది హాల్లో షోకేస్ కింది అరలో, స్టీలు గిన్నెల వెనక ఉండేది. సిగ్నల్‌కు ఇనుము, స్టీలు, అద్దం, నీళ్ళ ట్యాంకు ఇవన్నీ అడ్డే. హాలుకీ నడవాకీ మధ్యనున్న గుమ్మం పైన, మనిషి ఎత్తు దాటి మేకుకు తగిలించాను. సిగ్నల్ గోడను కాకుండా గుమ్మాన్ని దాటాలన్నది ఆలోచన. వెనక గదిలో 1.8 కాస్తా 9 అయింది. అమ్మమ్మ సీరియల్ అదే రోజు తేటపడింది.

అంతటితో ఊరుకోలేక అటక మీద పడున్న పాత రౌటర్‌ను దించి, పదిహేను మీటర్ల ల్యాన్ కేబుల్‌తో వెనక గదికి లాగి, యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఆ గదిలోనే వైఫై ఇచ్చేలా, పెట్టించాను. ఇప్పుడు అక్కడా ముప్పై పైనే వస్తోంది. ల్యాన్ కేబుల్ వంద మీటర్ల దాకా వేగం తగ్గకుండా పనిచేస్తుంది, కాబట్టి మేడ మీదికీ పెరట్లోకీ కూడా లాగొచ్చు. సాకెట్లో గుచ్చే చిన్న వైఫై రిపీటర్లకంటే నాకు ఈ పద్ధతే నచ్చింది. రిపీటర్ అందుకున్న సిగ్నల్‌నే మళ్ళీ గాల్లోకి వదులుతుంది కాబట్టి చాలావాటిలో వేగం సగానికి దగ్గరగా పడిపోతుంది.

కరెంటు పోయినప్పటి సంగతి కూడా చూసుకోండి. టీవీ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, రౌటర్ ఆరిపోతుంది. ఇన్వర్టర్ లేనివాళ్ళు రౌటర్‌కు చిన్న మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులా 9 వోల్టులా చూసుకుని దానికి సరిపడేదే తీసుకోండి.

రొయ్యల గుంటల మీద, పొలం దగ్గర: ఫోన్ హాట్‌స్పాట్

మా బావ విడవలూరు వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. రాత్రిళ్ళు గుంటల నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతుంటే కాపలా షెడ్డులోనే పడుకోవాలి. మ్యాచ్ రోజుల్లో మా టీవీని కార్లో వేసుకుపోతాడు. షెడ్డుకు పైనా పక్కలా ఇనప రేకులు. ఫోన్ లుంగీ మడతలో పెట్టుకుని హాట్‌స్పాట్ ఆన్ చేస్తే బంతి ఎటు పోయిందో తెలిసేది కాదు.

ఇనప రేకు సిగ్నల్‌ను దాదాపు ఆపేస్తుంది. అందుకని ఫోన్‌ను కిటికీ ఊచకు, సెల్ టవర్ ఉన్న వైపు, షెడ్డు బయటికి ఉండేలా వేలాడదీశాం. టీవీని ఆ కిటికీకి ఎదురుగా పెట్టాం. అంతే, గ్రౌండులో గడ్డి పోచలు తెలిశాయి. మంచు పడే రాత్రి ఫోన్ చుట్టూ పలచటి ప్లాస్టిక్ కవర్ కట్టండి, ప్లాస్టిక్ సిగ్నల్‌కు అడ్డు రాదు. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో 5 గిగాహెర్ట్జ్ ఎంచుకునే వీలుంటే ఎంచుకోండి. టీవీకి హాట్‌స్పాట్ పేరే కనపడకపోతే దాని వైఫై 2.4 మాత్రమేనేమో చూసుకుని అటు మార్చండి. ఐఫోన్‌లో అయితే 'మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేయాలి.

డేటా లెక్క ముందే వేసుకోండి. 5 ఎంబీపీఎస్ చొప్పున గంట నడిస్తే రెండుంపావు జీబీ. రోజుకు 2 జీబీ ప్లాన్ మీద మొదటి ఇన్నింగ్స్ కూడా పూర్తి కాదు. కోటా అయిపోయాక చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది, దాంతో ఏ వీడియో కూడా నడవదు. 720పి పెట్టుకుంటే డేటా ఎక్కువసేపు వస్తుంది. నాలుగైదు అడుగుల అవతల మంచం మీద పడుకుని చూసేవాళ్ళకు 27 అంగుళాల మీద అది బాగానే ఉంటుంది.

యాప్ లోపల ఏముందో చూడండి

నెట్ బాగున్నా యాప్ తక్కువ నాణ్యత పంపుతుండవచ్చు. నెట్‌ఫ్లిక్స్‌లో మొబైల్ ప్లాన్ టీవీలో నడవదు, బేసిక్ ప్లాన్ 720పి దాకానే ఇస్తుంది, స్టాండర్డ్ తీసుకుంటేనే 1080పి. మిగతా యాప్‌లలోనూ సెట్టింగ్స్‌లో 'డేటా సేవర్' లాంటిది ఆన్‌లో ఉందేమో చూడండి. యూట్యూబ్‌లో వీడియో నడుస్తుండగా క్వాలిటీ గుర్తు నొక్కి 1080పి ఎంచుకోండి. అక్కడే 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' అని ఒకటుంటుంది. అది ఆన్ చేస్తే ఇప్పుడు ఎన్ని చుక్కల బొమ్మ వస్తోందో అంకెల్లో చూపిస్తుంది. ఊహలు మానేసి ఆ అంకె చూడటం అలవాటు చేసుకోండి. అసలు ఆ వీడియో 360పిలోనే అప్‌లోడ్ అయి ఉంటే మీరు చేయగలిగింది లేదు. పాత పౌరాణికాలు, పద్యనాటకాలు చాలా అలాంటివే దొరుకుతాయి. వాటికి కాస్త దూరం జరిగి కూర్చోవడమే మందు.

పేరు వినని కంపెనీ చవక టీవీ కొన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. ఓటీటీ సంస్థలు కాపీ కాకుండా వైడ్‌వైన్ అనే తాళం వాడతాయి. ఆండ్రాయిడ్ టీవీలో దాని 'ఎల్1' స్థాయి లేకుండా 'ఎల్3' మాత్రమే ఉంటే, మీరు ఎంత పెద్ద ప్లాన్ కట్టినా చాలా యాప్‌లు హెచ్‌డి పంపవు. ఇది కొన్నాక బాగుచేసే లోపం కాదు. అందుకే షాపులోనే యాప్ తెరిపించి హెచ్‌డి వస్తోందో లేదో అడిగి చూడండి.

ఫోన్ నుంచి టీవీకి పంపేటప్పుడు

యాప్‌లో కనపడే కాస్ట్ గుర్తు నొక్కితే ఫోన్ టీవీకి చిరునామా మాత్రమే ఇస్తుంది. టీవీ తనంతట తానే నెట్ నుంచి బొమ్మ తెచ్చుకుంటుంది, నాణ్యత తగ్గదు. స్క్రీన్ మిర్రరింగ్ అలా కాదు. ఫోన్ తన తెరను అప్పటికప్పుడు మళ్ళీ కుదించి వైఫై మీదుగా పంపుతుంది, అందుకే గళ్ళు గళ్ళుగా, ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. కాస్ట్ గుర్తు ఉన్నచోట మిర్రరింగ్ జోలికి పోవద్దు.

ఇక వాట్సాప్. ఒంగోలులో మా చిన్నమ్మ కూతురి పెళ్ళికి అమ్మమ్మ వెళ్ళలేకపోయింది. తలంబ్రాల వీడియో వాట్సాప్‌లో వస్తే ఆశగా టీవీలో పెట్టాం. పెళ్ళికూతురి మొహం తప్ప చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరో గుర్తుపట్టలేకపోయింది. "ఆ పక్కన నిలబడింది ఎవరబ్బా" అని ప్రతి ఒక్కరినీ అడుగుతూనే ఉంది. వాట్సాప్ మామూలుగా పంపే వీడియోను బాగా నలిపేస్తుంది, హెచ్‌డి ఎంచుకున్నా 720పి దగ్గర ఆపేస్తుంది. చిన్నమ్మకు ఫోన్ చేసి అదే వీడియోను 'డాక్యుమెంట్' కింద పంపమన్నాను. అలా పంపితే 2 జీబీ దాకా ఫైల్ ఉన్నదున్నట్టు వస్తుంది. రెండోసారి చూసినప్పుడు అమ్మమ్మ వెనక వరసలో కూర్చున్న తన చెల్లెల్ని కూడా పేరు పెట్టి పిలిచింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు పెళ్ళిళ్ళు, బారసాలలు టీవీలో చూపించాలనుకుంటే పంపేవాళ్ళకు ఈ ఒక్క మాట ముందే చెప్పండి.

సెట్‌టాప్ బాక్స్ తగిలిస్తే హెచ్‌డిఎంఐ కేబుల్‌తోనే తగిలించండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులుండే 'ఏ.వి.' కేబుల్ మీద హెచ్‌డి ప్రయాణించదు. బాక్స్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ 576 మీద ఉంటే 1080కి మార్చండి. ప్యాకేజీలో ఉన్నది ఎస్‌డి (మామూలు) చానెలా హెచ్‌డి చానెలా కూడా చూసుకోండి.

టీవీ సెట్టింగ్స్

మొదట 'ఎకో' లేదా 'ఎనర్జీ సేవింగ్' ఆపండి. బ్యాటరీ టీవీల్లో ఇది చాలాసార్లు ముందే ఆన్‌లో ఉండి వెలుతురును సగం చంపేస్తుంది. తర్వాత పిక్చర్ మోడ్. షాపులో మెరిసే 'వివిడ్' ఇంట్లో మొహాలను ఎర్రగా కాలినట్టు చూపిస్తుంది. రాత్రి 'సినిమా' లేదా 'మూవీ', పగలు 'స్టాండర్డ్' పెట్టి, మీ పెన్‌డ్రైవ్ చీరను ఆడిస్తూ చూడండి. చీర మీ ఇంట్లోనే ఉంది కాబట్టి పక్కన పట్టుకుని రంగు పోల్చుకోవచ్చు. నేను అలాగే చేశాను.

షార్ప్‌నెస్ పేరు చూసి మోసపోకండి. అది లేని వివరాన్ని పుట్టించదు, అంచుల చుట్టూ తెల్లటి గీత గీస్తుంది. నెట్ తక్కువున్న బొమ్మ మీద అది పెంచితే గళ్ళు ఇంకా కొట్టొచ్చినట్టు కనపడతాయి. వందకు పది ఇరవై చాలు. కదలికను నున్నగా చేసే 'మోషన్ స్మూతింగ్' క్రికెట్‌కు పర్వాలేదు గానీ సినిమాను స్టేజి నాటకంలా మార్చేస్తుంది. హెచ్‌డీఆర్ బొమ్మ (వెలుగునీడల తేడా ఎక్కువ చూపేలా తీసింది) మరీ చీకటిగా కనిపిస్తే భయపడొద్దు. అది అందంగా రావాలంటే ప్యానెల్‌కు చాలా వెలుతురు ఉండాలి, చిన్న చక్రాల టీవీలు చాలావాటికి అంత ఉండదు. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపుకోవచ్చు. మనుషులు పొట్టిగా, లావుగా కనపడుతుంటే పాత 4:3 బొమ్మను సాగదీస్తోందన్నమాట, ఆస్పెక్ట్ రేషియోను 'ఒరిజినల్'కు మార్చండి.

వెలుతురు, బ్యాటరీ, ఉప్పుగాలి

పగలు వరండాలో చూస్తే ఎంత మంచి టీవీ అయినా వెలవెలబోతుంది. తెర ఆకాశం వైపు గానీ కిటికీ వైపు గానీ తిరిగి ఉండకూడదు. కిటికీ తెరకు పక్కన ఉండాలి. పెట్టే ముందు టీవీ ఆపేసి నల్లటి తెరలో చూడండి. అందులో మీ వీధి కనపడుతుంటే సినిమా చూసేటప్పుడూ అదే కనపడుతుంది. తెరను కాస్త కిందికి వంచితే సగం మెరుపు పోతుంది. మంచం మీద పడుకుని చూసేవాళ్ళకు ఈ వంపు ఇంకా ముఖ్యం. కొన్ని ప్యానెళ్ళు పక్క నుంచో కింద నుంచో చూస్తే రంగులు వెలిసిపోతాయి, కాబట్టి తెర నేరుగా వాళ్ళ కళ్ళకేసి చూస్తున్నట్టు తిప్పాలి.

స్టాన్‌బైమీ మొదటి మోడల్‌కు కంపెనీ చెప్పే బ్యాటరీ మూడు గంటల దాకా. వెలుతురు పూర్తిగా పెంచితే అంతసేపు రాదు. చాలా టీవీలు చార్జర్ తీయగానే తమంతట తామే వెలుతురు తగ్గించేస్తాయి. చార్జర్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి అదే చీరను చూస్తే తేడా తెలిసిపోతుంది.

కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో తెర మీద పలచటి ఉప్పు పొర పడుతుంది. చీమకుర్తి వైపైతే గ్రానైట్ దుమ్ము. బొమ్మ పొగమంచు కప్పినట్టు ఉంటుంది, మనం సెట్టింగ్స్ అనుకుంటాం. టీవీ ఆపి, చల్లారాక, ముందు పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తకుండా దుమ్ము దులపండి. గ్రానైట్ పొడిని ఒత్తి తుడిస్తే గీతలు పడతాయి. ఉప్పు వదలకపోతే గుడ్డ మూలను మంచినీళ్ళలో తడిపి, బాగా పిండి, ఒకేవైపుకు తుడవండి. తెర మీద నేరుగా ఏదీ చల్లకండి, అంచుల్లోంచి లోపలికి దిగితే ప్యానెల్ పోతుంది.

మా టీవీ వెనక ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. "అమ్మమ్మ గది: వెనక రౌటర్, సినిమా మోడ్, నాలుగున్నర అడుగులు, తెర కాస్త కిందికి. వరండా: సాయంత్రం అయిదు దాటాకే, స్టాండర్డ్, చార్జర్ పెట్టి. గుంటల మీద: బావ ఫోన్, కిటికీ బయట, 720పి." ఇప్పుడు టీవీని ఎవరు ఎక్కడికి తోసుకెళ్ళినా ముందు ఆ కాగితం చదువుకుంటున్నారు.